బళ్లారిలో కవరు ధర విన్న రోజు

జయపాల్ మాస్టారికీ నాకూ ముప్ఫై ఏళ్ల స్నేహం. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. ఆయనది బళ్లారి, నాది గుంతకల్లు, రైలెక్కితే గంట ప్రయాణం. ఎందుకు వెళ్లలేదో చెబితే నవ్వుతారు. మేమిద్దరం తపాలా బిళ్లలు సేకరిస్తాం. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక స్టాంపుల సంఘం పంపిన జాబితాలో ఆయన చిరునామా చూసి ఉత్తరం రాశాను. ఆయన దగ్గర రెండేసి ఉన్నవి నాకు పంపేవారు, నా దగ్గర రెండేసి ఉన్నవి నేను పంపేదాన్ని. మార్పిడి టపాలోనే జరగాలన్నది మా నియమం. మనిషి స్వయంగా తెచ్చి చేతికిస్తే కవరు మీద స్టాంపెక్కడిది! అలా గంట దూరంలో ఉంటూ ముప్ఫై ఏళ్లు ఉత్తరాలు రాసుకున్నాం.

పోయిన నెల ఆయన ఫోను చేశారు. "నిర్మలమ్మా, స్టాంపుల రేట్లు బాగా పెరిగినాయంట కదా? నా దగ్గరుండేవి అమ్ముదామనుకుంటాండా. మా ఇంటామెకు రెండు చెవులూ వినపడవు. మిషన్లు పెడితే వినపడుతుందని డాక్టరు చెప్పినాడు. యాభై ఎనిమిది వేలంట. మావాడిని అడగలేను, తోరణగల్లు ఫ్యాక్టరీలో వాడికొచ్చేది పిల్లల చదువులకే చాలదు. నువ్వొకసారి వచ్చి ఏ రేటు పలుకుతాదో చూసి చెప్పమ్మా" అన్నారు. ఆయన తాతగారు క్రైస్తవ మిషన్ బంగళాలో వంటమనిషి. ఇంగ్లండు నుంచి దొరలకు వచ్చిన ఉత్తరాల కవర్లు వాళ్లు పారేస్తే, ఆయన ట్రంకు పెట్టెలో దాచారట. అందులోవి పన్నెండు కవర్లు మాస్టారు మొదటి ఏడాదే నాకు మార్పిడిగా పంపారు. వాటినీ సంచిలో పెట్టుకున్నాను, నా వాటి ధర కూడా తెలిసొస్తుంది కదా అని. ఆ స్వార్థం కూడా ఉంది, దాచను.

శనివారం పొద్దున ఏడింటి రైలెక్కాను. టికెట్టు యాభై రూపాయల లోపే. కిటికీ పక్కన సీటు దొరికింది కానీ పత్తి చేలు తప్ప చూడడానికి పెద్దగా ఏమీ లేదు. స్టేషను బయట ఒక బండి దగ్గర ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను, నలభై రూపాయలు. బజ్జీ కారానికి నా కళ్లలో నీళ్లు చూసి బండావిడ నవ్వింది. "ఏంది మేడమ్, గుంతకల్లు వాళ్లు కూడా ఏడిస్తే ఎట్ల?" అంది. నేను గుంతకల్లు అని ఎలా కనిపెట్టావంటే "ఈ రైల్లో దిగినోళ్లంతా గుంతకల్లోళ్లే కదా" అని తేల్చేసింది. కౌల్ బజారుకు ఆటో బేరమాడాను. "ఏమప్పా, ఎనభై ఎందుకు, అరవై ఇస్తా" అంటే డ్రైవరు, "అక్కా, సండూరు గనుల లారీలు తిరిగి తిరిగి రోడ్డెట్లుండాదో చూడు, నా నడుముకే ఇరవై పోతాది" అన్నాడు. రోడ్డు చూశాక ఎనభై ఇచ్చేశాను.

కౌల్ బజారులో ఆటో లోపలిదాకా వెళ్లదు. మలుపు దగ్గర దిగి, బైకుల మధ్య ఒదుగుతూ ఐదు నిమిషాలు నడిస్తే గడియారాలు బాగుచేసే బాషా భాయ్ దుకాణం వస్తుంది. పాత నాణేలూ స్టాంపులూ కూడా అక్కడే కొంటారు, అమ్ముతారు. పదిన్నర దాటితే గానీ తెరవరు, తొందరపడి వెళితే మెట్ల మీద కూర్చోవాల్సిందే. నేను కూర్చున్నాను.

ముందు మామూలు స్టాంపుల ధరలడిగాను. నా చిన్నప్పుడు చారెడు చిల్లరకు వచ్చిన గాంధీ బిళ్లల రేటు విని నా చెవులను నేనే నమ్మలేదు. "ఈ కట్ట రెండేండ్ల కిందట నూరు రూపాయలకు అమ్మినా మేడమ్. ఇప్పుడు ఒక్కోటి పదిహేను వందలు. ఫోన్లలో వేలం పెడతాండారు కదా, యాడాడోళ్లో వచ్చి పాడతాండారు" అన్నారు బాషా భాయ్. నేను సంచిలోంచి పన్నెండు కవర్లు తీసి గాజు బల్ల మీద పెట్టాను. ఆయన గడియారాల భూతద్దం కంటికి పెట్టుకుని ఒక్కో కవరూ ముందూ వెనకా తిప్పి చూశారు.

"ఐదు."

"అన్నీ కలిపి ఐదు వందలా?"

"ఒక్కోటి. ఐదు వేలు. ఇప్పుడే ఇస్తా."

ఓరి నాయనా! ఐదు వేలు! నా బీరువాలో చీరల కింద పడున్న పాత కవర్లు అరవై వేలా! నాకు వెంటనే గుర్తొచ్చింది మాస్టారి ట్రంకు పెట్టె. రెండు వందలకు పైగా ఉన్నాయని ఒక ఉత్తరంలో రాశారు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని, గుణించడానికి క్షణం పట్టలేదు. పది లక్షలు! ఆవిడ చెవి మిషన్లేమిటి, ఇల్లే బాగుచేసుకోవచ్చు. "భాయ్, ఇలాంటివే ఒకాయన దగ్గర పెట్టెడున్నాయి" అన్నాను, గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"పూరా కవర్లేనా?" అన్నారాయన. "బిళ్ల కాదు మేడమ్ ఈ రేటు. ఇంగ్లండు ముద్ర ముందర, బళ్లారి ముద్ర వెనక, పైన దొర పేరు, ఇదంతా ఒక్క కాగితం మీద ఉండాల. బిళ్ల కోసి తీసినారంటే ఖతమ్." కాలితో బల్ల కింద గోనెసంచిని చూపించారు. "కోసినవి అవో, తూకానికిస్తా."

ఆ మాటకు నా పది లక్షల లెక్క ఆగిపోయింది. ఎందుకో చెప్పాలి. ముప్ఫై ఏళ్ల కిందట ఆ పన్నెండు కవర్లు పంపినప్పుడు మాస్టారు ఒక ప్రశ్న రాశారు, "కవరు మీద నుంచి బిళ్ల ఎలా తీయాలి?" అని. నేను రెండు పేజీల జవాబు రాశాను. స్టాంపు చుట్టూ కత్తిరించండి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టండి, పాత పేపరు మీద ఆరబెట్టండి, కవర్లు పనికిరావు, పారేయండి. ఆ రోజుల్లో ఆల్బం పెట్టే పిల్లలందరికీ తెలిసిన పద్ధతి అదే. నా పన్నెండూ కూడా అలాగే తీద్దామనుకుని, పరీక్షలొచ్చి, బద్ధకించి వదిలేశాను. తర్వాత రెండేళ్లకు హైదరాబాదులో ఒక స్టాంపుల ప్రదర్శన చూసినప్పుడు, పాత కవరును కోయకూడదని అక్కడొక పెద్దాయన చెప్పారు. ఆ నెల మాస్టారికి ప్రదర్శన గురించి మూడు పేజీలు రాశాను. ఈ ఒక్క మాట రాయలేదు. మర్చిపోయి కాదు. అంత గట్టిగా సలహా ఇచ్చి, తప్పు చెప్పానని రాయడానికి నామోషీ వేసింది.

కవర్లు మళ్లీ సంచిలో పెట్టుకుని మాస్టారి ఇంటికి బయల్దేరాను, కంటోన్మెంటు వైపు ఆటోవాడు వంద తీసుకున్నాడు. దారంతా ఒకటే మొక్కు, ఆయన కూడా నాలాగే బద్ధకించి ఉండాలని. పన్నెండున్నరకు చేరాను. మాస్టారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. తెల్లచొక్కా, సన్నటి మనిషి, చేతిలో పలక. "బన్నీ బన్నీ, లోపలికి రామ్మా" అంటూనే పలక మీద "నిర్మల వచ్చింది" అని రాసి వెనక నిలబడ్డ భార్యకు చూపించారు. సుగుణమ్మగారు నా రెండు చేతులూ పట్టుకుని, వినపడని వాళ్లు మాట్లాడినట్టే వీధంతా వినిపించేలా, "ఉత్తరాలు చూసి లావుగా ఉంటావనుకున్నా!" అన్నారు. నవ్వొచ్చింది, కానీ నా కళ్లు గోడ పక్కనున్న ట్రంకు పెట్టె మీదే ఉన్నాయి.

మాస్టారు పెట్టె తెరిచారు. అందులో కవరు ఒక్కటి లేదు. నాలుగు ఆల్బంలున్నాయి. ఆయన రిటైరైన డ్రాయింగు మాస్టారు, ప్రతి పేజీకీ నల్ల సిరాతో అంచు గీసి, మధ్యలో వరసలు తప్పకుండా స్టాంపులు అంటించారు. ప్రతిదీ శుభ్రంగా కడిగి ఉంది. ఒక్క దాని మీద కూడా పూర్తి ముద్ర లేదు.

"కవర్లు?" అన్నాను.

"నువ్వు చెప్పినట్టే చేసినామమ్మా. నెలకు నాలుగు కోసేవాళ్లం. నీళ్లు గోరువెచ్చగా ఉండాలన్నావు కదా, కోసిన కవర్లే పొయ్యిలో పెట్టి కాచుకున్నాం. రెండు పనులూ అయిపోయినాయి" అన్నారు, పొదుపుగా చేశామన్న సంతోషంతో.

నాకు నిజంగా కళ్లు తిరిగాయి. కుర్చీలో కూలబడ్డాను. ఎండదెబ్బ అనుకుని సుగుణమ్మగారు మజ్జిగ తెచ్చారు. తర్వాత జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టారు. పోయిన క్రిస్మస్‌కు మనవరాలు చర్చిలో ఒక్కతే నిలబడి పాడిందట, ముందు వరసలో కూర్చుని తాను ఆ పిల్ల పెదవులు చూస్తూ ఉండిపోయారట. అది ఆవిడ నవ్వుతూనే చెప్పారు. నిజం చెప్పకుండా, ఆల్బంలకు ఒక నాలుగు వేలు వస్తాయని చెప్పి, ఐదింటి రైలెక్కి పోదామా అనిపించింది. అరగంట పాటు అదే ఆలోచించాను. సంచి నా ఒళ్లోనే ఉంది, అరవై వేల సంచి.

చివరికి నోరు విప్పాను. అన్నీ చెప్పాను: బాషా భాయ్ చెప్పిన ధర, నేనిచ్చిన సలహా, హైదరాబాదు పెద్దాయన మాట, రాయకుండా దాచిన సంగతి. మాస్టారు వింటూ ఆల్బం అంచు మీద వేలితో గీత గీస్తూ కూర్చున్నారు. "ఒక్కోటి ఐదు వేలా?" అన్నారు. అవునన్నాను. "రెండొందల పద్నాలుగు కాల్చినాం" అన్నారు. ఆల్బం మూసేశారు. తిట్టి ఉంటే బాగుండేది.

పన్నెండు కవర్లూ తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన వెంటనే వెనక్కి తోశారు. "అవి నీకిచ్చినవి. నువ్వు నాకు బదులు బిళ్లలు పంపినావు. అయిపోయిన మార్పిడి తిరగేయకూడదు. మన సంఘం రూలు."

"సరే, కొత్త మార్పిడి చేద్దాం. ఈ పన్నెండు మీకు, నాలుగు ఆల్బంలూ నాకు" అన్నాను.

"సమానం ఉండాల కదమ్మా. ఇది సమానం ఎట్లయితాది? లేదు, నేను ఒప్పుకోను."

మా ముఖాలు చూస్తున్న సుగుణమ్మగారు పలక ఆయన చేతిలో పెట్టి ఏమిటని అడిగారు. ఆయన ముందు తటపటాయించి, తర్వాత నిజాయితీగా అంతా రాశారు, పలక రెండుసార్లు నిండింది. ఆవిడ చదివి, పలక పక్కన పెట్టి, నా వైపు తిరిగారు. అదే పెద్ద గొంతు.

"నువ్వు నష్టపోతాండావు, తెలుసు నాకు. ఆయనకు రూలుండాది, నాకు లేదు. నువ్వు చేసిన తప్పు కూడా ఉండాది కదా? నేను సిగ్గు లేకుండా తీసుకుంటాండా. మా పిల్ల పాట నాకు వినాలని ఉండాది." కవర్లు ఎత్తి తన ఒళ్లో పెట్టుకున్నారు. మాస్టారు ఏదో అనబోతే ఆవిడ కళ్లు మూసుకున్నారు. కళ్లు మూసుకుంటే ఆయన పలక ఎవరికి చూపిస్తారు?

మూడింటికి ముగ్గురం కౌల్ బజారుకు వెళ్లాం. పొద్దున నా చేతిలో చూసిన కవర్లు ఇప్పుడు సుగుణమ్మగారి చేతిలో చూసి బాషా భాయ్ నా ముఖం వైపొకసారి చూశారు. చెప్పిన ధరే ఇచ్చారు, ముగ్గురికీ చాయ్ తెప్పించారు. ఐదింటి రైలుకు నాలుగు ఆల్బంలు మోసుకుంటూ ఎక్కాను.

ధరలు చూసి అదిరిపోదామని వెళ్లాను, అదిరిపోయాను. పది లక్షలు పోయి అరవై వేలు మిగిలాయి, ఆ తేడా నేను ఎప్పటికీ పూడ్చలేను. ఇది చదివి నేను మంచిపని చేశానని దయచేసి నాకు రాయకండి. హైదరాబాదు నుంచి వచ్చాక ఒక కార్డు ముక్క రాసి ఉంటే ఆ పొయ్యిలో సగమైనా కాలేవి కావు. సుగుణమ్మగారు ఒక్క మాటలో తప్పు అన్నదాన్ని నేను ఇన్నేళ్లు నామోషీ అని పిలుచుకున్నాను. ఆల్బంలు ఇప్పుడు నా బల్ల మీద ఉన్నాయి. మాస్టారు గీసిన అంచులు ఎంత అందంగా ఉన్నాయో, ఆ పేజీలు తిప్పడానికి నాకు అంత ధైర్యం చాలడం లేదు.

మీరు ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే ఒక్క సలహా. పాత కవర్లేవైనా ఉంటే కోయకండి, కడగకండి, ఉన్నవి ఉన్నట్టు తీసుకెళ్లి చూపించండి. ఎప్పుడో ఎవరికైనా కోయమని మీరే చెప్పి ఉంటే, రైలు టికెట్టు సంగతి తర్వాత, ముందు వాళ్లకు ఫోను చేయండి.