మా గిర్ని అత్త దిద్దించిన మాట

మంగళవారం పొద్దున కామారెడ్డిలో మా బడిలో హాజరు పిలుస్తుంటే ఎల్లారెడ్డి నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, గిర్ని అత్త పోయింది. చాయ్ తాగి కూసున్నది, కూసున్న కాడనే ఒరిగింది" అన్నాడు. సరే అన్నాను. ఫోన్ పెట్టేసి మిగతా హాజరు పూర్తి చేశాను. తర్వాత ప్రిన్సిపాల్‌కు చెప్పి, కామారెడ్డి బస్టాండ్ దాకా నడిచి బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. దారిలో ఏం చూశానో గుర్తు లేదు.

ఆమె మాకు చుట్టం కాదు. ఎల్లారెడ్డిలో, నేను రోజూ బడికి బస్సులో వెళ్ళొచ్చే మా ఇంటికి ఎదురుగా పిండి గిర్ని నడిపేది. అందుకని మా వీధి పిల్లలందరికీ గిర్ని అత్త. ఆమె భర్త, మేం మామ అనేవాళ్ళం, పోయాక ఒక్కతే నడిపింది. పట్టిన పిండిని బొటనవేలితో రుద్ది చూసేది. బరకగా ఉంటే మళ్ళీ పట్టేది, దానికి పైసలు అడిగేది కాదు. గిర్ని చప్పుడుకు అలవాటుపడి, అది ఆగినప్పుడు కూడా గట్టిగానే మాట్లాడేది.

పోయినేడు కారం పట్టే మిషన్ కొనాలనుకుంది. లోన్ కోసం కామారెడ్డిలో ఒక బ్యాంకుకు వెళ్తూ నన్ను తోడు రమ్మంది. ఆఫీసరు కంప్యూటర్ చూసి, "మీ రిపోర్టు బాగాలేదమ్మా, లోన్ రాదు" అన్నాడు.

"ఏం బాగలేదు సార్?"

"సిస్టంలో అట్ల వచ్చింది."

"కాదంటే కాదనుండ్రి. ఎందుకు కాదో చెప్పుండ్రి. చెప్పినంక పోత."

నేను ఆమె కొంగు పట్టి లాగాను. ఆమె కదల్లేదు. ఆఫీసరు భోజనానికి వెళ్ళొచ్చేసరికి అదే కుర్చీలో ఉంది. చివరికి అతను స్క్రీన్ మా వైపు తిప్పాడు. మామ ఉన్నప్పుడు ట్రాలీ ఆటో కోసం ఇద్దరి పేరా తీసుకున్న పాత లోన్ అది. దాని పక్కన 'సెటిల్డ్' అని ఉంది.

తిరుగు బస్సులో ఆమెకు వివరించాను. అప్పిచ్చిన ప్రతి సంస్థా మనం ఎలా కట్టామో క్రెడిట్ కంపెనీలకు పంపుతుంది. వాళ్ళు అదంతా ఒక రిపోర్టుగా పెడతారు. మనం కొత్తగా లోన్ అడిగితే బ్యాంకు ముందు దాన్నే చూస్తుంది.

"సెటిల్డ్ అంటే ఏంది?" అని అడిగింది.

"మొత్తం కట్టలేక, ఎంతో కొంత తగ్గించమని ఒప్పించుకున్నారని."

బస్సు లింగంపేట దాటింది. తర్వాత మెల్లగా, మొదటిసారి అంత మెల్లగా, "మీ మామ పోయినంక పదకొండు నెలలు కట్టిన బిడ్డా. ఒక్క నెల తప్పలె. ఎవ్వల్ని బతిమాలలె. బతిమాలిన అని ఎవడు రాసిండు?" అంది.

ఆమెకు బాధ లోన్ రానందుకు కాదు.

ఇంటికి రాగానే ట్రంకుపెట్టెలోంచి ఆ ఆటో అప్పు మొత్తం తీరిపోయిందని, అప్పిచ్చిన ఫైనాన్స్ వాళ్ళు రాసిచ్చిన కాగితం తీసింది. నేను ఫోన్‌లో రిపోర్టు తెప్పించాను. దేశంలో అలాంటి క్రెడిట్ కంపెనీలు నాలుగున్నాయి. ఏడాదికోసారి ఒక్కొక్కటి మన పూర్తి రిపోర్టు మనకు ఊరికే ఇవ్వాలి. నాకూ ఆ రోజే తెలిసింది. ఆ కాగితం ఫోటో జతచేసి, తప్పు దిద్దమని క్రెడిట్ కంపెనీకి ఫిర్యాదు పెట్టాం.

అప్పిచ్చినవాళ్ళు ఒప్పుకోనిదే మేం మార్చలేం అన్నారు కంపెనీ వాళ్ళు. ఫైనాన్స్ ఆఫీసులో అడిగితే, మా దగ్గర అంతా సరిగ్గానే ఉంది, తప్పు కంపెనీదే అన్నారు. "ఇద్దరి నడుమ నేను తిరగాల్నా?" అంది అత్త. కానీ తిరిగింది. ముప్పై రోజుల్లో తేల్చాలని నియమం, దాటితే రోజుకు వంద రూపాయల పరిహారం ఇవ్వాలి. ముప్పై ఒకటో రోజు గిర్ని మూసి మొదటి బస్సుకు కామారెడ్డి వచ్చింది. ఫైనాన్స్ ఆఫీసు మేనేజరు ముందు నిలబడి, "ముప్పై దినాలు అయిపోయినయి సార్. ఇయ్యాల్టి సంది దినానికి వంద లెక్క" అంది. ఆయన నవ్వాడు. నేను ప్రింటు తీసి తీసుకెళ్ళిన నియమాన్ని ఆయన చదివాక ఇక నవ్వలేదు. అయినా పని కాలేదు. ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాశాం. గడువు దాటిన పన్నెండో రోజున రిపోర్టు మారింది. పన్నెండు వందలు కూడా వచ్చాయి.

కొత్త రిపోర్టు ప్రింటు తీసి తెచ్చిచ్చాను. ఆమెకు ఇంగ్లీషు రాదు.

"ఏడున్నది?"

'సెటిల్డ్' ఉన్నచోట ఇప్పుడు 'క్లోజ్డ్', అంటే మొత్తం కట్టి ముగించారన్న మాట ఉంది, వేలుపెట్టి చూపించాను. చాలాసేపు చూసింది. "మీ మామ పేరు గూడ సాఫ్ అయినట్టే గద" అంది. అవునన్నాను. లేచి వెళ్ళి గిర్ని స్విచ్చి వేసింది.

ఆ తర్వాత లోనూ, కారం మిషనూ వచ్చాయి. కారం పట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళను వదిలేది కాదు. "మీ రిపోర్టు చూసుకున్నరా?" అని ఆ చప్పుడులోనే అరిచి అడిగేది. చూస్తే రిపోర్టులో మన మార్కులు, అదే క్రెడిట్ స్కోరు, తగ్గుతాయట కదా అని ఎవరో అంటే, "మనది మనం చూసుకుంటె తగ్గయి. అప్పడిగినప్పుడు బ్యాంకోళ్ళు చూసేది వేరే" అని సర్దిచెప్పేది. చూడ్డం రానివాళ్ళను ఆదివారం నా దగ్గరికి పంపేది. నాతో మాత్రం ఒక్కటే అనేది: "నీకు చదువుడు వచ్చు బిడ్డా, అడుగుడు రాదు." నిజమే. ఆ రోజు బ్యాంకులో ఒక్కదాన్నే ఉంటే రాదనగానే లేచి వచ్చేసేదాన్ని. ఇప్పుడు అడుగుతున్నాను. కారణం చెప్పేదాకా కుర్చీలోంచి లేవట్లేదు. ఈ మాట ఆమెతో చెప్పాలని ఎప్పుడూ అనుకోలేదు. రోజూ ఎదురుగా ఉండే మనిషి కదా.

నేను వెళ్ళేసరికి ఇంటి ముందు జనం ఉన్నారు. ఆమె ముఖం చూశాను. కడిగి విభూతి పెట్టారు. ఎవరో ఏడుస్తూ నా భుజం పట్టుకున్నారు. నాకు ఏడుపు రాలేదు, ఇప్పటికీ రాలేదు. ఎవరో నీళ్ళిస్తే తాగాను. సాయంత్రానికి అన్నీ అయిపోయాయి, జనం వెళ్ళిపోయారు.

గిర్ని షట్టరు ముందు, పిండి పట్టించుకోవడానికి జనం పొద్దున తెచ్చి పెట్టిన డబ్బాలు వరుసగా అలాగే ఉన్నాయి. ఎవరూ వెనక్కి తీసుకెళ్ళలేదు. అప్పుడే ఒకామె నెత్తిన జొన్నల మూటతో వచ్చింది. ఊరి బయట నుంచి వచ్చినట్టుంది, ఆమెకు సంగతి తెలియదు. అత్త పోయిందని చెప్పాను. ఆమె నా వైపు చూసింది, షట్టరు వైపు చూసింది. మూట దించి, అత్త వచ్చి షట్టరు తీసేదాకా ఆగుతానన్నట్టు, వరుసలో చివరి డబ్బా వెనక పెట్టి, పక్కన కూర్చుంది.