మామ్మగారి గొంతు

షహర్బాను కాకినాడ మనిషి. పెళ్ళయి షార్జా వచ్చాక, తెలుగు, ఉర్దూ, మలయాళం, కాస్త అరబ్బీ వచ్చు కాబట్టి, ఒక మానసిక వైద్యశాలలో దుబాసీగా చేరింది. రోగి మాట డాక్టరుకి, డాక్టరు మాట రోగికి చేరవేయడం ఆమె పని. ఏ మాటా తనది కాదు గనుక ఏదీ ఆమె వెంట ఇంటికి వచ్చేది కాదు.

మూడేళ్ళ కిందట డాక్టర్ లీనా అక్కడ ఒక పరిశోధన మొదలుపెట్టింది. మందులు వాడుతున్నా చెవిలో గొంతులు ఆగని స్కిజోఫ్రీనియా రోగుల కోసం అది. వినపడే గొంతుకి కంప్యూటరు తెర మీద ఒక ముఖం తయారుచేస్తారు. పక్క గదిలోని మనిషి ఆ ముఖం వెనక నుంచి మాట్లాడతారు. మొదట రోగి వింటున్న తిట్లే తిట్టాలి. రోగి ధైర్యం చేసి ఎదురు చెప్పేకొద్దీ ముఖం మెత్తబడాలి.

అమలాపురం వైపు నుంచి ఇళ్ళలో పనికి వచ్చిన వీరదుర్గకి వినపడే గొంతు గోదావరి తెలుగు మాట్లాడేది. లీనాకి తెలుగు రాదు. అందుకని షహర్బానుకి తర్ఫీదు ఇచ్చి మైకు ముందు కూర్చోబెట్టింది. వెనక ఒక మనిషి ఉందని వీరదుర్గకి చెప్పారు, ఎవరో చెప్పలేదు.

కరోనా రోజుల్లో వీరదుర్గ మూర్తిగారనే ఇంజనీరు తల్లిని చూసుకునేది. పక్షవాతంతో ఆవిడకి గుటక పడేది కాదు, నోటికి నీళ్ళు ఇవ్వొద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు. ఆవిడ నీళ్ళు, నీళ్ళు అంటూనే పోయింది. కొన్ని నెలలకి వీరదుర్గకి ఆ గొంతు మొదలైంది. జబ్బు ఆ చావు వల్లే వచ్చిందని చెప్పలేమనీ, గొంతును మాత్రం అక్కణ్ణించి తెచ్చుకుందనీ లీనా అంది.

తెర మీద నెరిసిన జుట్టు, పెద్ద బొట్టు వీరదుర్గే ఎంచుకుంది. షహర్బాను గొంతును యంత్రం ముసలిదాని గొంతుగా మార్చింది.

"ఒసేయ్ దుర్గా, దాహవేస్తోందే. నీళ్ళియ్యకుండా చంపేశావు కదే నన్ను."

వీరదుర్గ చున్నీ నోట్లో కుక్కుకుంది. భయపడకు, జవాబు చెప్పు అని షహర్బాను పక్కనే కూర్చున్న లీనా వేరే మైకులో హిందీలో ధైర్యం చెబుతూనే ఉంది. ఆ రోజుకి అక్కడితో ఆపేశారు.

వారాలు గడిచేకొద్దీ ఆ మాటలు షహర్బాను వెంట ఇంటికి రాసాగాయి. వంటింట్లో ఎవర్ని తిడుతున్నావని భర్త అడిగాడు. తాను పెదవి కదిపిన సంగతే ఆమెకి తెలియదు. అత్త ఖతీజాబీ మంచినీళ్ళు అడిగితే ఉన్నపళంగా పరుగెత్తింది, గ్లాసు చేజారి పగిలింది. కష్టంగా ఉంటే మానేయమని లీనా అంది. సగంలో వదిలేస్తే ఆ పిల్ల ఏమవుతుందని షహర్బాను మానలేదు.

చివరికి ఒకనాడు వీరదుర్గ తెర వైపు తలెత్తింది.

"ఇవ్వలేదు మామ్మగారూ. ఇస్తే ఊపిరాడదన్నారు. దూదితో మీ పెదాలు తడుపుతూనే ఉన్నానండి."

షహర్బాను ఆ మాట లీనాకి చెప్పింది. ఇక ఒప్పుకో, తప్పు నీది కాదను, అని లీనా సైగ చేసింది. షహర్బాను నోరు తెరిచింది.

"తడిపావే. చల్లగా ఉందే అది. నాకు తెలుస్తూనే ఉంది."

వీరదుర్గ వెక్కి వెక్కి ఏడ్చింది. షహర్బాను మైకు ఆపేసింది. లీనా ఆ మాట చెప్పమనలేదు. తానూ అనాలనుకోలేదు.

గొంతు పూర్తిగా పోలేదు. మునుపు రోజంతా వేధించేది, ఇప్పుడు ఎప్పుడైనా పేరు పెట్టి పిలిచి ఊరుకుంటోందట. మందులు వాడుతూనే వీరదుర్గ ఇంకో ఇంట్లో వంటపనికి కుదిరింది.

ఒక మధ్యాహ్నం వైద్యశాల వరండాలో ఆమె షహర్బానుకి ఎదురుపడింది. "మందులిచ్చే చోటు మార్చారంట, ఎటండీ?" అని అడిగింది. షహర్బాను నోటిదాకా వచ్చిన తెలుగును మింగేసి, "సీధా జావో" అని హిందీలో అంది, తిన్నగా చెయ్యి చూపించి.

వీరదుర్గ రెండడుగులు వేసి ఆగింది.

"మిమ్మల్ని ఎక్కడో విన్నట్టుందండి."

షహర్బాను తెలుగు రానట్టు తల అడ్డంగా ఊపింది.