సున్నం వేసిన చెట్టు

మా పెద్దమ్మకు దుమ్మంటే పడదు. దర్జీ పని చేసే ఇంట్లో దారప్పోగు కనపడకూడదంటే కుదిరే పనేనా? ఆవిడ ఇంట్లో కుదిరింది. అలాంటి మనిషి పెరట్లో, గాలి వీస్తే చాలు కొమ్మలు రాల్చే పెద్ద చెట్టు. దాని కిందే రేకుల కప్పున్న వెనక గది. ఆ గదిలో పెద్దమ్మ అత్తగారు, మేమంతా మామ్మ అని పిలిచే ఆవిడ, మంచం మీదే ఉంటుంది. కాళ్లు పనిచేయవు. నోరు మాత్రం కోడలి కుట్టుమిషను కంటే జోరుగా నడుస్తుంది.

ఒక గాలివానకు చేయంత లావు కొమ్మ పడి, సరిగ్గా మామ్మ తలగడ మీది రేకు పగిలింది. "ఈసారి తప్పింది. వచ్చే వానకు చెట్టు ఉంటుంది, నేనుండను" అంది మామ్మ. ఆ మాట పెద్దమ్మకు ముల్లులా గుచ్చుకుంది. సొంత పెరడైనా సరే, చెట్టు కొట్టించాలంటే మునిసిపల్ ఆఫీసు అనుమతి కావాలట. దరఖాస్తు పెట్టి, వారం వారం వెళ్లి అక్కడి బల్ల మీద కూర్చునేది. గుమాస్తా "మళ్లీ రండి" అంటే, "మళ్లీ ఎందుకు బాబూ, ఇక్కడే ఉంటా" అని సంచిలోంచి కుట్టుపని తీసేది. ఆఫీసంతా ఆవిడకు చెట్టమ్మ అని పేరు పెట్టింది.

చివరికి అధికారి వచ్చాడు, చూశాడు, వెళ్లాడు. చెట్టు ఆరోగ్యంగా ఉంది, కొట్టడానికి వీల్లేదని జవాబొచ్చింది.

పెద్దమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. నాకూ ఒళ్లు మండి, ఆ అధికారిని కడిగేద్దామని ఆవిడతో పాటు ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా గొంతు తగ్గించి, "ఆయన తప్పేం లేదమ్మా. మీ చెట్టు పెళ్లికూతురిలా ఉందట" అన్నాడు.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. అధికారి వస్తున్నాడని ముందురోజే పెద్దమ్మ రాలిన కొమ్మలన్నీ ఎత్తిపోసింది, రేకు మార్పించింది. చెట్టు మొదట్లో ఉన్న తొర్రను సిమెంటుతో పూడ్చి, పైన సున్నం కూడా వేసింది. ఇంటికి పెద్దమనిషి వస్తుంటే చెట్టు మాత్రం మాసిపోయి ఎందుకుండాలి?

"నవ్వావంటే చంపుతా" అంది నాతో. నవ్వకుండా ఎలా ఉంటాను?

మళ్లీ దరఖాస్తు పెట్టింది. గునపం పట్టి, సిమెంటంతా తనే పగలగొట్టింది. చీపురు తెచ్చి నా చేతిలో పెట్టి, "మీ ఇంట్లో దాచు. నేనడిగినా ఇవ్వకు" అంది. మర్నాడే వచ్చింది.

"గుమ్మం ముందు ఒక్కటే ఊడ్చుకుంటానే."

"ఇవ్వను పెద్దమ్మా."

"నువ్వు కూతురివి కాదే, కంట్లో నలుసువి" అని తిట్టుకుంటూ వెళ్లిపోయింది.

అధికారి రెండోసారి వచ్చేనాటికి పెరడంతా ఆకులూ పుల్లలూ. "మా ఇల్లు ఎప్పుడూ ఇలా ఉండదండీ" అని పెద్దమ్మ సిగ్గుతో చితికిపోయింది. ఆయన వినిపించుకోకుండా తొర్రలో చెయ్యి పెట్టాడు. మోచేయి దాకా దూరింది. పిడికిలి నిండా పొట్టు బయటికొచ్చింది.

"లోపలంతా గుల్లే. ఈ గదిలో ఎవరుంటున్నారు?"

"మా అత్తగారండీ."

"ఇంతకాలం ఇక్కడే పడుకోబెట్టారా? వేరే గది లేదా?"

గట్టి కప్పున్న ముందు గది ఉంది. అందులో మిషను, నిలువుటద్దం, కొలతలిచ్చే వాళ్లకు కుర్చీలు. వచ్చేవాళ్లకు మంచమూ మందుల వాసనా ఏం బాగుంటాయని మామ్మను వెనక్కి మార్చింది పెద్దమ్మే. ఆవిడ మొహం చూసి నాకు చెప్పలేనంత జాలేసింది.

ఆ సాయంత్రమే కుర్చీలు వసారాలోకి నెట్టి, మామ్మ మంచం ముందు గదిలో వేశాం. తర్వాత అనుమతీ వచ్చింది, చెట్టూ పోయింది, చీపురూ పెద్దమ్మ చేతికి చేరింది. మంచం మాత్రం వెనక్కి వెళ్లలేదు.

మొన్న ఒకావిడ కొత్త గౌను తొడుక్కుని అద్దంలో మురిసిపోతోంది. మంచం మీంచి మామ్మ, "వీపు దగ్గర ముడత పడిందమ్మాయ్" అంది.

"ఎక్కడత్తయ్యా?" అని పెద్దమ్మ వంగి చూసింది. నిజమే. విప్పి మళ్లీ కుట్టింది.