క్యాసెట్టులో లేని మాట

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. తెలుగు విషయంలో మరీను. పెళ్ళయి కలకత్తా వచ్చిన కొత్తలో మావారి బ్యాంకులో పనిచేసే ఒకాయన మా ఇంటికి భోజనానికి వచ్చి ఏదో మాట తప్పుగా వాడితే, పప్పు వడ్డిస్తూనే సరిదిద్దాను. ఆయన మళ్ళీ మా గడప తొక్కలేదు. తెలుగు ఎం.ఏ. చదివానన్న గర్వం నాది. అప్పట్లో మేమున్న సాల్ట్ లేక్‌లో ఇళ్ళకన్నా ఖాళీ స్థలాలే ఎక్కువ. మావారు ఆఫీసుకు వెళ్తే చీకటి పడేదాకా నాతో తెలుగు మాట్లాడే మనిషి ఉండేది కాదు. ఊరినుంచి పచ్చళ్ళ సీసాలకు చుట్టి పంపిన పాత పేపర్లు కూడా అక్షరం వదలకుండా చదివేదాన్ని.

అందుకే అయ్యగారు వచ్చి అడగ్గానే ఎగిరి గంతేసినంత పని చేశాను. అయ్యగారంటే గార్డెన్ రీచ్‌లో ఒక చిన్న తెలుగు ప్రార్థన మందిరానికి పాస్టరు. మావారి బ్యాంకులో ఖాతా ఉండటంతో పరిచయం. నాలుగు సువార్తలనూ డాక్ కూలీలకు అర్థమయ్యే తెలుగులోకి కొత్తగా తేవాలని వాళ్ళ పెద్దలు ఆయనకు పని అప్పగించారట. "నాకు భావం తెలుసు, అమ్మగారూ. భాష దగ్గరే చేతులు కట్టేసినట్టుంది. మీరు హిందువులని తెలుసు, అయినా అడుగుతున్నాను" అన్నారు. దేవుడు ఎవరైతేనేం, తెలుగు తెలుగే కదా అన్నాను. ఇంట్లో మావారు మాత్రం "ఇక ప్రభువుకు కూడా వ్యాకరణం నేర్పుతావన్నమాట" అని ఏడిపించారు.

మొదట కొన్ని ఘట్టాలు నాకు చేతనైనంత గంభీరంగా రాశాను. సమాసాలు, శబ్దాలంకారాలు, చదువుతుంటే నాకే ఒళ్ళు పులకరించేది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ కాగితాలు పట్టుకుని గార్డెన్ రీచ్ వెళ్ళాను. రేవు గోడకు ఆనుకుని, రేకుల కప్పు కింద ఉండేది ఆ మందిరం. ప్రార్థన అయ్యాక పదిమంది దాకా చాపల మీద కూర్చునేవారు. అందరూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రేవులో పనిచేసేవాళ్ళే.

అయ్యగారి పద్ధతి ఒకటుండేది. రాసింది చదివి వినిపించాలి. ఏమీ వివరించకూడదు. తర్వాత చదువురాని ఒక మనిషి అదే సంగతిని తన మాటల్లో తిరిగి చెప్పాలి. ఆ మనిషి చెప్పిందీ మనం రాసిందీ ఒకటే అయితే రాత నిలిచినట్టు, లేకపోతే కాగితం చింపేయాలి. ఆ తిరిగి చెప్పే పని అందరూ మామ్మ అని పిలిచే ఒక ముసలామెది. చూపు సరిగా ఆనదు, భయం మాత్రం ఎవరన్నా లేదు. ఆ రోజు చదివింది తప్పిపోయి తిరిగొచ్చిన కొడుకును తండ్రి క్షమించే కథ. ఆమె అంతా విని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది.

"బాగున్నాదమ్మా. కోర్టులో జడ్జీ సదివినట్టున్నాది."

"ఏం అర్థమైంది, మామ్మా?" అన్నాను.

"ఎవుడికో సిచ్చ పడినాది. పాపం, ఎన్నేల్లేటి?"

అందరూ నవ్వారు. నా ముఖం కందగడ్డ అయిపోయింది. బయటికొచ్చి బస్ స్టాపు వైపు విసవిసా నడుస్తుంటే అయ్యగారు వెంట వచ్చారు. దారిలో ఆయనే చెప్పారు. మామ్మకు ఒక్కడే కొడుకు. రేవులో ఖలాసీ. రెండేళ్ళ కిందట వానల్లో, పడవకూ జెట్టీకీ మధ్య జారి గంగలో పడిపోయాడు. శవం దొరకలేదు. పడటం చూసినవాళ్ళూ లేరు, అతనితో పనిచేసే జతగాడు ఆ సమయానికి టీ తాగడానికి వెళ్ళాడట. మామ్మ మాత్రం కొడుకు ఏదో ఓడెక్కి వెళ్ళిపోయాడనీ, తిరిగొస్తాడనీ అంటుంది. జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టనివ్వదు. గల్లీ చివర ఒంటి గదిలో ఉంటుంది. పోయిన వానల్లో గదిలో మంచం ఎత్తున నీళ్ళొస్తే, ఇరుగుపొరుగు వాళ్ళు మోసుకొచ్చి బతికించారు. ఆ జతగాడు వారం వారం వచ్చి తన ఇంటికి రమ్మని బతిమాలతాడు. ఆమె కదలదు. కొడుకు వచ్చేసరికి గదికి తాళం ఉంటే ఎలా అంటుంది.

"మళ్ళీ వానలొస్తే ఆమె దక్కదమ్మా" అన్నారు అయ్యగారు. అప్పటికి ఎండాకాలం మొదలవుతోంది.

మరుసటి వారం ఆయన నాకో క్యాసెట్టు ఇచ్చారు. మూడేళ్ళ కిందట, ఈ పని మాట మొదట వచ్చినప్పుడు, రేవులో కూలీలు అన్నాలు తినే చోట బల్లమీద టేప్ రికార్డరు పెట్టి వదిలేశారట. ఎవరు ఏం మాట్లాడారో ఆయన కూడా సరిగా వినలేదు. "మీ పుస్తకాల తెలుగు కొన్నాళ్ళు పక్కనపెట్టి ఇది వినండి" అన్నారు. కోపం వచ్చింది కానీ విన్నాను. గిన్నెల చప్పుడు, క్రేన్ల మూలుగు, మధ్యలో ఓడ కూత, బోలెడు గొంతులు. అందులో ఒక గొంతు నన్ను పట్టుకుంది. మేస్త్రీ మేక ఎలా తప్పిపోయిందో ఎవరికో చెబుతున్నాడు. తొందర లేదు, గొప్ప లేదు. ముఖ్యమైన మాట రాబోయే ముందల్లా "ఒక మాట సెప్తాను, కోప్పడకు" అనేవాడు. అలా అనగానే చుట్టూ ఉన్న రొద కాస్త తగ్గేది. అందరూ వింటున్నారని టేపులోనే తెలిసిపోయేది.

ప్రభువు ఏదైనా బోధ మొదలుపెట్టే ముందు 'నిశ్చయముగా మీతో చెప్పుచున్నాను' అని గట్టిగా నొక్కి చెప్పే చోటు ఒకటుంటుంది. దానికి సరైన తెలుగు కోసం నెలలు తల పట్టుకున్నాను. అది ఈ గొంతులో దొరికింది. ఇక ఆగలేదు. ప్రభువు మాట్లాడే ప్రతి చోటా ఆ గొంతునే రాశాను.

రెండోసారి చదివినప్పుడు మామ్మ కథంతా పొల్లుపోకుండా తిరిగి చెప్పింది. చెప్పి, నా వైపు తిరిగి మెల్లగా అంది: "ఈ మాట మా గుంటడిదమ్మా. ఆడు ఇలాగే అంతాడు. ఆడెక్కడ కనిపించినాడు నీకు?"

ఆ వారమే అయ్యగారు మా ఇంటికొచ్చి క్యాసెట్టు విన్నారు. మేక కథ దగ్గర చేతిలో కప్పు కింద పెట్టేసి, "అతనే" అన్నారు. మామ్మకు ఇది వినిపించకూడదనుకున్నాం. వింటే కొడుకు బతికే ఉన్నాడన్న నమ్మకం మరింత బలపడుతుంది, ఆ గది అసలే వదలదు. అక్కడితో నేనూ ఆ గొంతు వదిలేయాల్సింది. వదల్లేదు. నిజం చెప్పాలంటే స్వార్థం. అంత బాగా నేనెప్పుడూ రాసి ఉండలేదు.

ఆ వేసవిలో కరెంటు రోజూ మధ్యాహ్నాలే పోయేది. బ్యాటరీలతో క్యాసెట్టు పెట్టుకుని రాసేదాన్ని. కొన్నాళ్ళకు పెట్టకపోయినా ఆ గొంతు వినిపించేది. అన్నం వార్చేటప్పుడు, బట్టలు ఆరేసేటప్పుడు, వెనక గదిలో ఎవరో మాట్లాడుతున్నట్టు ఉండేది. వెళ్ళి చూస్తే కిటికీ తప్ప ఏమీ లేదు. మావారితో చెప్తే ఎండదెబ్బ అన్నారు. నాకు భయమేసేది. భయపడుతూనే ఆ మధ్యాహ్నాల కోసం ఎదురుచూసేదాన్ని, అదే ఇప్పుడు తలుచుకుంటే సిగ్గు.

సిలువ ఘట్టం రాస్తున్న రోజున బ్యాటరీలు అయిపోవచ్చాయి. గొంతు సాగి సాగి, మందంగా, నీళ్ళలోంచి వస్తున్నట్టు వినబడింది. చిరాకేసి ఆపేశాను. ప్రాణం పోతున్న కొడుకు తన తల్లిని స్నేహితుడికి అప్పగించే చోటు అది. కలం కాగితం మీద పెట్టాను. తర్వాత చూసుకుంటే వాక్యాలు ఉన్నాయి, నా దస్తూరీయే.

"ముసిలీ, ఒక మాట సెప్తాను, కోప్పడకు. ఇంక నీ కొడుకు ఈడే." ఆ కింద స్నేహితుడితో: "మా ముసిల్దాన్ని నీ ఇంటికి అట్టుకెల్లిపోరా. ఒగ్గీకు."

మాది కృష్ణా జిల్లా. 'ఒగ్గీకు' అన్న మాట నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు. క్యాసెట్టులోంచే వచ్చి ఉంటుందని కొత్త బ్యాటరీలు తెప్పించి, రెండు వైపులా మొదటినుంచి చివరిదాకా మూడు రోజులు విన్నాను. ఎక్కడా లేదు. ముసిలీ అన్న పిలుపూ లేదు. చివరికి అయ్యగారిని అడిగితే, వదిలెయ్యకు అని అర్థం, శ్రీకాకుళంవాళ్ళ మాట అన్నారు. మీకెలా తెలిసిందని ఆయన అడిగితే ఏదో నసిగాను.

ఆ ఆదివారం ఆకాశం మూసుకొచ్చి ఉంది. తొలకరి ఏ క్షణాన్నయినా పడేలా ఉంది. ఆడవాళ్ళు దిగుతున్నారు, నెమ్మది అని డ్రైవరుకు చెబుతూ కండక్టరు "ఆస్తే, లేడీస్" అని అరిస్తే ఉలిక్కిపడి, బస్సు దిగేటప్పుడు తూలాను. మందిరంలో కరెంటు లేదు. తలుపు దగ్గర వెలుతురులో నన్ను కూర్చోబెట్టారు. నా ఎదురుగా మామ్మ. ఆమె పక్కన కండలు తిరిగిన ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఆయనే ఆ జతగాడని, ఇంటికి రమ్మని ఆ రోజూ అడగడానికి వచ్చాడని అయ్యగారు నా చెవిలో చెప్పారు.

చదవడం మొదలుపెట్టాను. నా గొంతు నాది కానట్టు నాకే అనిపించింది. ముసిలీ అన్న మాట రాగానే మామ్మ తల ఎత్తింది. ఒగ్గీకు అన్న మాట ఇంకా నోట్లో ఉండగానే ఆ జతగాడు లేచి నిలబడ్డాడు.

"ఆ మాట నీకెవులు సెప్పినారు?"

అయ్యగారు "కూర్చో నాయనా, ఇది వాక్యం" అన్నారు.

"వాక్యం కాదు! ఒగ్గీకు అన్నాడు. నాతోటే అన్నాడు. అక్కడ నాను తప్ప ఇంకెవులూ లేరు." అతను గోడకు చేరబడిపోయాడు. "నాను టీకెల్లలేదు, అయ్యగారూ. అబద్దం సెప్పినాను. తాడిసిరినాను, అందలేదు. మల్లీ ఇసిరినాను. ఆడు తాడొంక సూడనే లేదు. ముసిల్దాన్ని అట్టుకెల్లిపోరా, ఒగ్గీకు అని అరిసినాడు. అంతే, ములిగిపోనాడు."

రేకుల మీద వాన మొదలైంది. మామ్మ అతని చెయ్యి వెతికి పట్టుకుంది.

"నువ్వు ఇన్నావా? నీ సెవుల్తో ఇన్నావా?"

"ఇన్నానమ్మా."

"మరి రెండేల్లు నాకెందుకు సెప్పలేదురా?"

"సెప్తే ఆడు సచ్చిపోయినట్టే గదమ్మా." అంత మనిషీ వెక్కి వెక్కి ఏడ్చాడు.

నేను ఏం చేశానో అప్పుడు అర్థమైంది. రెండేళ్ళుగా ఒక తల్లి ఆశతో బతికించుకుంటున్న కొడుకును, ఆమెకు ఎదురుగా కూర్చుని, నేను చంపేశాను. ఆ వాక్యం ఎవరిదో నాకు ఆ రోజు తెలియదు, ఇన్నేళ్ళయినా తెలియదు. ఎలా వచ్చిందని మీరడిగితే చెప్పలేను. దేవుడి మహిమ అని అయ్యగారు అన్నారు. నాకు మాత్రం ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ భయమే. తర్వాత ఆ పుస్తకం అచ్చయినప్పుడు, పవిత్ర గ్రంథానికి ఈ భాష తగదని వాళ్ళ పెద్దలు నా వాక్యాలు తీసేసి, వెనకటి గంభీరమైన తెలుగే ఉంచారు. తెలుగు కోసం అందరితో తగాదా పడే నేను, దానికి మాత్రం ఒక్క ఉత్తరం ముక్క కూడా రాయలేదు. అది నా రాత అని చెప్పుకునే ధైర్యం చాల్లేదు.

కాగితాలు మడిచి సంచిలో పెట్టుకోబోయాను. మామ్మ చెయ్యి చాచి నా మోకాలు తడిమింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆమె కళ్ళు పొడిగానే ఉన్నాయి.

"ఇంకోపాలి సదువమ్మా."

"వద్దు మామ్మా" అన్నాను. నాకు ఏడుపు ఆగలేదు.

"సదువు. ఆడి మాటే సదువు, మిగతాది ఒద్దు."

వాన చప్పుడులో వినపడదేమోనని దగ్గరికి జరిగి చదివాను. ముసిలీ, ఒక మాట సెప్తాను, కోప్పడకు. ఇంక నీ కొడుకు ఈడే. ఆమె నా వైపు చూడలేదు. నా భుజం మీదుగా, గుమ్మం అవతల వానలోకి చూస్తూ, అన్నానికి పిలిచిన కొడుక్కి జవాబు చెప్పినంత మామూలుగా అంది:

"అలగేలేరా. ఎల్తాను."