మందుకు తోడు

గాజుపళ్ళెంలో ఖాళీగా కనబడేదే మంచిదని నమ్మడం సీసాలక్కకు ఇప్పటికీ కష్టమే.

పరిశోధనశాలలో సీసాలూ పళ్ళాలూ కడగడం ఆమె పని. మొదట్లో అందరూ ఉత్త అక్కా అనే పిలిచేవాళ్ళు. సీసాలు తర్వాత వచ్చి చేరాయి. అక్కడి మేడం ఆ పళ్ళాల్లో క్రిములను పెంచి, వాటి మీద మందు వేసి చూస్తుంది. క్రిములు చచ్చినచోట గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది. చావనిచోట ఆవిరి పట్టిన అద్దంలా మసగ్గా ఉంటుంది.

ఒకరోజు బల్ల మీద మూడు పళ్ళాలు కనబడ్డాయి. మందు వేసినదాంట్లో ఖాళీ లేదు. చెట్టుబెరడు రసం వేసినదాంట్లోనూ లేదు. రెండూ కలిపి వేసినదాంట్లో మాత్రం నాణెమంత ఖాళీ.

"ఇదేంటమ్మా? విడివిడిగా పనికిరానివి కలిస్తే పనిచేశాయా?"

"ఈ క్రిమి గడుసుది అక్కా. లోపలికొచ్చిన మందుని వచ్చింది వచ్చినట్టు బయటికి తోడేస్తుంది. బెరడు రసం ఆ తోడటాన్ని ఆపుతుంది. రసం మందు కాదు, మందుకి తోడు. అంతే."

"తోడా?"

"తోడే," అంటూ మేడం మోగుతున్న ఫోను దగ్గరికి వెళ్ళిపోయింది.

సీసాలక్క ఆ మాటను జాగ్రత్తగా ఇంటికి మోసుకుపోయింది. ఇంట్లో వదిన ఉంది. అన్న పోయాక ఆడవాళ్ళిద్దరూ ఒక్కచోటే ఉంటున్నారు. వదిన బట్టలు కుడుతుంది. కాలితో తొక్కే మిషను. కత్తెర జారి ఆ కాలి బొటనవేలి మీద పడింది. పుండు మానలేదు. రెండు రకాల మందులకు లొంగలేదు. డాక్టరు పరీక్ష చేయించి మూడోరకం మాత్రలు రాశాడు. ఇవీ పనిచెయ్యకపోతే వేలు దక్కడం కష్టమన్నాడు.

సీసాలక్క మూలికల కొట్లో అదే బెరడు కొని కాచింది. అక్కడే చిక్కు వచ్చిపడింది. మందుకి తోడు అంటే మాత్ర పాలూ, బెరడు తోడూ అవ్వాలి. కానీ మాత్ర గోరంత, కషాయం గిన్నెడు. గోరంత పాలకు గిన్నెడు తోడేమిటి? పొయ్యి ముందు నిలబడి ఎంతసేపు ఆలోచించినా లెక్క కుదరలేదు. మేడం తిరగేసి చెప్పి ఉంటుందనుకుంది. మాత్రే తోడు. తోడు ఎక్కువైతే పులుస్తుంది కాబట్టి సగం చాలు. కషాయం గోరువెచ్చగా చల్లార్చి, సగం మాత్ర నలిపి కలిపి, గిన్నెకు గుడ్డ చుట్టి ఓ మూల పెట్టింది.

"ఏమే, తోడుకున్నాక చిలకాలా?" అంది వదిన మిషను దగ్గర్నించే.

"నవ్వు, నవ్వు. కాలు తగ్గాక ఇంకా నవ్వుదువుగాని."

మర్నాడు తాగి వదిన మొహం చిట్లించింది. "మాత్ర మింగడమే సుఖంగా ఉందే తల్లీ. ఇది తాగితే నోరు కుట్టేసినట్టుంది."

"మంచిదేగా. ఇల్లు కాస్త ప్రశాంతంగా ఉంటుంది."

"పళ్ళాలు కడిగేదానివి, డాక్టరువెప్పుడయ్యావే?"

"నా కళ్ళతో చూశాను వదినా. నాణెమంత ఖాళీ."

ఆ ఖాళీ ఏమిటో వదినకు అర్థం కాలేదు. అయినా రోజూ తాగింది. మొదట పుండు అంచులు ఆరినట్టే కనబడ్డాయి. తర్వాత పాదం వాచి, మిషను తొక్కుడుపలక మీద ఆనించడానికే వీల్లేకపోయింది.

డాక్టరు కట్టు విప్పి చూశాడు. "మాత్రలు సరిగ్గా వేసుకున్నారా?"

వదిన మరదలి వైపు చూడకుండా, "వేసుకున్నాను బాబూ," అంది.

"అయితే ఇవీ పనిచెయ్యలేదన్నమాట. ఇక వేలు తీసేయాల్సి రావచ్చు."

వదిన ఎందుకు అబద్ధమాడుతోందో సీసాలక్కకు అర్థమైంది. "లేదు బాబూ, వేసుకోలేదు. నేను తోడేశాను."

"తోడేశారా? బయటికా?"

"లోపలికే. బెరడు కషాయంలో. సగమే."

డాక్టరు ఒకసారి ఆమెనూ, ఒకసారి వదిననూ చూశాడు. మళ్ళీ మొదట్నించీ చెప్పమన్నాడు. విన్నాక తల పట్టుకున్నాడు. "మాత్ర పనిచెయ్యలేదో, అసలు పడనేలేదో ఇప్పుడు ఎలా చెప్పాలి? సగం సగం వేస్తే క్రిమి ఇంకా రాటుదేలుతుందమ్మా." ఆస్పత్రిలో చేర్చుకుని, అదే మందు పూర్తిగా తమ ఎదురుగానే వేయిస్తానన్నాడు. తగ్గకపోతే వేలు సంగతి చూద్దామన్నాడు.

సీసాలక్క మేడం దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పింది. మేడం కుర్చీలో కూలబడింది.

"తోడంటే పాలలో వేసే తోడనుకున్నావా! ఇదింకా పళ్ళెం దాటలేదక్కా. మనిషికి ఎంత వెయ్యాలో, అసలు వెయ్యొచ్చో లేదో నాకే తెలీదు."

"మీకే తెలీదా?"

"తెలీదు."

ఆ మాట సీసాలక్కను డాక్టరు మాటకన్నా ఎక్కువ భయపెట్టింది. తెలియనిదాన్ని పట్టుకుని మేడం రోజంతా అంత శ్రద్ధగా ఏం చేస్తున్నట్టు? అడగలేక పళ్ళాల బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

వాపు తగ్గింది. వేలు మిగిలింది. ఇంటికొచ్చిన వదిన కట్టుకాలు స్టూలు మీద పెట్టుకుని, ఎడమకాలితో మిషను తొక్కబోయింది. చక్రం వెనక్కి తిరిగి దారం చిక్కుపడింది.

"మాత్రవల్ల తగ్గిందంటావా, నీ కషాయం వల్లా?" అంది దారం తెంపుతూ.

"డాక్టరు మాత్రవల్లే అన్నాడు. నాకైతే ఏమీ తెలీదు వదినా."

"మీ మేడంకి?"

"ఆవిడకీ తెలీదట."

"బాగానే ఉంది," అంది వదిన. "రేపట్నించి పాలలో తోడు నేనే వేస్తాను. నువ్వు గిన్నె ముట్టుకోకు."