తబిత వందనాలు

తబితకి ఎడమకాలు పోలియోతో చచ్చుబడింది. పక్క చక్రాలు బిగించిన స్కూటీకి చంకకర్రని సైకిలు ట్యూబు ముక్కతో కట్టుకుని, తను కుట్టిన జాకెట్లు కాలవ వెంట ఊళ్ళన్నీ తిరిగి ఇచ్చొస్తుంది. ఎదురైన మనిషికల్లా, తెలిసినా తెలియకపోయినా, "వందనాలండి" అనందే ముందుకి పోదు. సరిగ్గా ఆవిడ లైసెన్సు గడువు తీరేసరికి వీధి చివరున్న, లైసెన్సులిచ్చే బళ్ళ ఆఫీసుకి తాళం పడింది. అంతా జిల్లా కేంద్రానికి మార్చేశారట. మార్చినవాళ్ళకేం, కార్లున్నాయి! అంత దూరం బండి తీసుకెళ్ళి నడిపి చూపిస్తేగానీ కొత్త లైసెన్సు లేదు. అప్పట్నుంచి బండి చూరు కింద, జాకెట్లు సంచిలో.

ఓపిక పట్టి పట్టి, ఓ పొద్దున బయల్దేరింది. కాలవ వంతెన మీద కానిస్టేబులు బారికేడ్ అడ్డంపెట్టి ఆపాడు.

"లైసెన్సేదమ్మా?"

"దానికోసమే వెళ్తున్నానండి."

"లేకుండా నడపకూడదు. బండి ఇక్కడ పెట్టి బస్సెక్కండి."

"మరి అక్కడ దేన్ని నడిపి చూపించనండి, బస్సునా?"

"ఎవరిచేతైనా తోలించుకెళ్ళాలి."

"నా కాలికి తగ్గట్టు అమర్చిన బండి ఇంకెవరు తోల్తారండీ? ఆ ఆఫీసునే ఇక్కడికి రమ్మనండి. వచ్చేదాకా కదల్ను."

తాళంచెవి కొంగున ముడేసుకుని, డబ్బా విప్పి, బండి మీదే పులిహోర తినడం మొదలెట్టింది. వెనక ధాన్యం లారీలు హారన్ల మోత మోగించాయి. మెతుకు వదలకుండా తిని చెయ్యి కడుక్కునేసరికి బారికేడ్ పక్కకి జరిగింది.

తాళంవేసిన ఆఫీసు వాచ్‌మన్‌కి కూడా వందనాలు చెప్పే మనిషి, ఆ కానిస్టేబులుకి మాత్రం చెప్పలేదు.