రెక్క ఒరిగిన నీటి విమానం

పంతొమ్మిది వందల నలభై మూడు, మే నెల. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. తూర్పు తీరంలో ఒక ఉప్పునీటి సరస్సు ఒడ్డున లారీ కొత్తగా పటాలంలో చేరిన మమ్మల్ని దించింది. నీళ్లపై దిగే విమానాల స్థావరం అది. నాది ఎమ్మిగనూరు పక్కన నందవరం. తుంగభద్ర వరద చూసినవాణ్ణే గాని, అవతలి గట్టు కనబడని నీళ్లు చూడటం అదే మొదలు.

నన్ను రక్షణ పడవకు వేశారు. మోటారు పడవ, అందులో ఒక రేడియో, తాళ్లు, కొక్కెం కర్ర, గొడ్డలి. అంతే సామాను. పడవ నడిపేవాడు ఈరన్న, ఆదోని మనిషి. పత్తి మిల్లులో ఇంజను చూసుకునే పని చేసి వచ్చినవాడు. నా యాస వినగానే తిరిగి చూశాడు.

"యా ఊరప్పా నీది?"

"నందవరమన్నా."

"అట్లయితే మనోనివే. ఈడ కూసో."

విమానం దిగే దారిలో కొట్టుకొచ్చే దుంగలు, వలలు తీసేయాలి. అది ఆగేదాకా దగ్గర్లో ఉండాలి. మాకిచ్చిన ఆజ్ఞ అదే.

జూలైలో ఒక సాయంత్రం గాలి గట్టిగా వీస్తోంది. గస్తీకి పోయిన పెద్ద విమానం తిరిగొచ్చింది. నీళ్లను తాకి ఒకసారి ఎగిరింది. రెండోసారి తాకగానే ఫట్‌మని చప్పుడు. రెక్క ఒరగకుండా దాని కొన కింద చిన్న దోనె లాంటిది ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే కడ్డీ విరిగింది. రెక్క నీళ్లలో దిగబడి, విమానం గిర్రున తిరిగి ముక్కు వైపు మునగసాగింది. రంగు కింద కడ్డీని ఉప్పు తినేసిందని తర్వాత విచారణలో తేలింది. పైలట్ తప్పు లేదన్నారు.

పడవలోని రేడియో అరిచింది: "విమానం మునుగుతోంది! వెళ్లండి!"

మేం చేరేసరికి నలుగురు రెక్క పట్టుకుని వేలాడుతున్నారు. వాళ్లను పడవలోకి లాగాం. లోపలి నుంచి ఎవరో రేకు మీద కొడుతున్నారు. ఈరన్న చొక్కా విప్పాడు.

"పోవద్దన్నా, మునిగిపోతాంది!"

"ఇనబడ్తాంది గదప్పా," అన్నాడు. దూకాడు.

కాసేపటికి తలుపు సందులోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. పట్టి లాగాను. కుర్ర తెల్ల సిపాయి. కింద నుంచి అతణ్ణి ఎవరో నెడుతున్నారని నా చేతులకు తెలిసింది. అతను బయటపడ్డాడు. మరుక్షణం విమానం కిందికి పోయింది. ఈరన్న రాలేదు.

యుద్ధం ముగిశాక ఆదోని స్టేషన్‌లో దిగి నేరుగా పత్తి మిల్లుకు పోయాను. ఈరన్న పెండ్లాం నరసమ్మ ఆడవాళ్ల మధ్య కూర్చుని పత్తిలో చెత్త ఏరుతోంది. ఈరన్న పోయాడన్న తంతి ఎప్పుడో అందింది. ఎట్లా జరిగిందో మాత్రం ఎవరూ చెప్పలేదట. చెప్పాను. తలెత్తకుండా వింది.

"ఆ పిల్లోడు బతికినాడా?"

"బతికినాడక్కా."

"వాళ్లమ్మ సల్లగుండనీ," అంది.

మళ్లీ పత్తిలో చేతులు పెట్టింది. ఏరలేదు. తెల్లటి కుప్పలో మణికట్ల దాకా మునిగిన ఆ రెండు చేతులు, కదలకుండా. కళ్లు మూస్తే నాకు ఈనాటికీ అవే కనబడతాయి.